సముద్రం ఒడ్డున తంతి ఊళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయిన సంగతి పోయిన సంచికలో రాస్తూ, సముద్రం అడుగున వేసిన పాత తంతి తీగల గురించి, వాటి కోసమే పుట్టిన చిన్న చిన్న ఊళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాం. దాని మీద తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు ఇంగ్లండ్‌లో ఉంటారు. మేం వెళ్ళినప్పుడు పోర్త్‌కర్నో అనే ఊళ్ళో సముద్రం పక్కన సొరంగంలో ఉన్న తంతి మ్యూజియం చూపించారు. ఒకప్పుడు ఇండియా టెలిగ్రాములు ఎన్నో అక్కడికే చేరేవట. అంత మారుమూల పల్లెలో ఎందుకు పెట్టారు? పెద్ద రేవు ఏదీ దొరకలేదా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పెద్ద రేవు కాకపోవడం వల్లే ఆ ఊరికి ఆ యోగం పట్టింది. తీగను మొదట ఫాల్మౌత్ రేవులో ఒడ్డెక్కించాలనుకున్నారు. కంపెనీ పేరే ‘ఫాల్మౌత్, జిబ్రాల్టర్ అండ్ మాల్టా టెలిగ్రాఫ్ కంపెనీ’. కానీ రేవన్నాక ఓడలు లంగర్లు వేస్తాయి. లంగరు కొక్కెం తీగకు తగిలితే ఓడ బరువంతా దాని మీదే పడుతుంది, తీగ తెగుతుంది. పోర్త్‌కర్నోలో ఓడలు ఆగవు. రెండు కొండల మధ్య చిన్న ఇసుక తీరం, దాని వెనక లోయ, లోయలో కొద్ది ఇళ్ళు, అంతే. ఇసుకలో తీగ పూడిపోయి భద్రంగా ఉంటుంది. రాతి తీరమైతే కెరటాలకు తీగ అటూ ఇటూ కదిలి, పై ఇనుప తీగలు రాతికి రాసుకుని అరిగిపోతాయి. ఏ కేబుల్‌కైనా ఒడ్డు దగ్గరి కొద్ది మైళ్ళే ఎక్కువ ప్రమాదం. అందుకే ఆ ముక్కకు మందమైన ఇనుప కవచం వేస్తారు, నడి సముద్రంలో పలచటిది చాలు.

1870 జూన్‌లో అక్కడ పని మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో గ్రేట్ ఈస్టర్న్ అనే పెద్ద ఓడ బొంబాయి నుంచి ఏడెన్ (ఇప్పటి యెమెన్‌లోని రేవు) దాకా తీగ పరిచింది. జూన్ 23 రాత్రి కంపెనీ అధిపతి జాన్ పెండర్ లండన్‌లో తన ఇంట్లో విందు పెట్టి, అతిథుల ముందే ఇండియాతో సందేశాలు నడిపించాడు. 1872లో కంపెనీలన్నీ కలిసి ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీ అయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలానికి ఆ చిన్న తీరంలో 14 కేబుళ్ళు ఒడ్డెక్కేవి. మీరు చూసిన సొరంగం రెండో యుద్ధంలో బాంబులకు భయపడి ఆ ఊరున్న కార్న్‌వాల్ ప్రాంతపు తగరపు గని కూలీల చేత కొండ తొలిపించింది. 1941లో పరికరాలన్నీ అందులోకి మార్చారు.

ప్రశ్న: నేను తంతి తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నేల మీది లైన్లు తెలుసు గానీ సముద్రపు లైను ఎప్పుడూ చూడలేదు. బొంబాయిలో కొట్టిన సంకేతం ఏకబిగిన లండన్‌లో వినపడేదా? ఆ ఊళ్ళలో మనుషులు అసలు ఏం పని చేసేవారు?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఏకబిగిన కాదు, వినపడటమూ కాదు. బొంబాయి నుంచి ఏడెన్; ఏడెన్ నుంచి ఎర్రసముద్రం గుండా సూయజ్; అక్కడి నుంచి ఈజిప్టు నేల మీదుగా అలెగ్జాండ్రియా; మళ్ళీ నీళ్ళలో మాల్టా, జిబ్రాల్టర్, లిస్బన్ పక్కన కార్కవెలోస్, పోర్త్‌కర్నో. ఆపైన లండన్‌కి నేల లైను. ఒక్కో మజిలీలో కరెంటు ఆగిపోతుంది. అక్కడ మనిషి కూర్చుని, వచ్చిన సంకేతం చదివి, రాయించి, తర్వాతి తీగలోకి మళ్ళీ కొట్టాలి. ఆ ఊళ్ళు పుట్టిందే అందుకు. ఊరే యంత్రంలో ఒక భాగం.

మీరు వాడిన సౌండర్ టకటకలు అక్కడ ఉండేవి కావు. వందల మైళ్ళ కేబుల్ అవతలి చివర వచ్చే కరెంటు ఇనుప ముక్కను లాగేంత ఉండదు. విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్) చేసిన అద్దపు గాల్వనోమీటర్ వాడేవారు. పట్టుపోగుకు వేలాడదీసిన చిన్న అద్దం, దాని వీపున అంటించిన సన్నని అయస్కాంతపు ముక్కలు, చుట్టూ తీగ చుట్ట. చీకటి గదిలో దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, ఎదురుగా ఉన్న కొలబద్ద మీద చుక్కగా కనిపిస్తుంది. వెలుగు ఎడమకు జరిగితే డాట్, కుడికి జరిగితే డాష్. నేల లైనులో డాష్ అంటే పొడుగు నొక్కు. కేబుల్‌లో రెండూ ఒకే నిడివి, కరెంటు దిశ మాత్రమే మారుతుంది. ఒకరు వెలుగు మీద నుంచి కన్ను తీయకుండా చదివితే పక్కవారు రాసుకునేవారు. రెప్పవేసిన క్షణంలో అక్షరం పోతే పోయినట్టే, మళ్ళీ పంపమని అడగాల్సిందే.

థామ్సనే తర్వాత సైఫన్ రికార్డర్ చేశాడు. వెంట్రుకలాంటి గాజు గొట్టం నుంచి సిరా కారుతూ, కదిలే కాగితపు పట్టీ మీద అలల గీత గీస్తుంది. పైకి లేస్తే డాట్, కిందికి దిగితే డాష్. ఇది వచ్చాక సందేశానికి సాక్ష్యం మిగిలింది, కళ్ళకు విశ్రాంతి దొరికింది. మొదటి రకంలో సిరా కారడానికి స్థిర విద్యుత్తు వాడేవారు. ఉప్పుగాలి, తేమ ఉన్న రోజున అది నిలవక సిరా ఆగిపోయేది. తర్వాత గొట్టాన్ని సన్నగా వణికించే పద్ధతి పెట్టి ఆ బెడద తీర్చారు.

ఆపరేటర్లు, లైను పరీక్షించే ఎలక్ట్రీషియన్లు, బ్యాటరీలు చూసుకునేవారు, మెకానిక్కులు, కుర్రవాళ్ళ మెస్సులో వంటవాళ్ళు, రాత్రీ పగలూ షిఫ్టులు: అదీ ఊరు. బ్యాటరీ పని తేలిక కాదు. డేనియల్ సెల్‌లో మైలుతుత్తం పలుకులు తగ్గకుండా వేస్తుండాలి, జింకు సల్ఫేటు చిక్కబడితే కొంత తోడి నీళ్ళు కలపాలి, అంచుల మీదికి పాకే ఉప్పును తుడవాలి. తుడవకపోతే ఆ ఉప్పు పొర గుండా కరెంటు కారి సెల్ తనంతట తనే ఖాళీ అవుతుంది. పోర్త్‌కర్నోలో కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చి ఏడెన్ లాంటి దూరపు స్టేషన్లకు పంపేవారు.

మజిలీ మజిలీకీ మనిషి చేయి పడితే తప్పులూ పేరుకుంటాయి. అందుకే అంకెల్ని చివర్లో మళ్ళీ ఒకసారి పంపే పద్ధతి ఉండేది. ఖర్చూ తక్కువ కాదు. 1866లో అట్లాంటిక్ తీగ మీద 20 మాటలకు 20 పౌన్లు తీసుకున్నారు. అందుకే వ్యాపారులు ఒక వాక్యం మొత్తానికి ఒకే సంకేత పదం పెట్టుకునేవారు. మన దగ్గర పెళ్ళి శుభాకాంక్షలు నంబరుతో పంపేవాళ్ళం, మీకు బాగా గుర్తుండే ఉంటుంది. కిటుకు అదే.

ప్రశ్న: నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కరెంటు కాంతి వేగంతో సమానంగా పోతుందని చెబుతాం కదా, మరి సముద్రపు తీగలో సంకేతం ఎందుకు నిదానించింది? సైన్స్ ఫేర్‌లో పిల్లల చేత చేయించడానికి ఏదైనా ప్రయోగం ఉందా?
– ఒక ఉపాధ్యాయురాలు, పుత్తూరు

జవాబు: కేబుల్ మధ్యలో రాగి, చుట్టూ కరెంటును దాటనివ్వని బంక పొర, దాని బయట ఇనుము, ఉప్పునీళ్ళు. అంటే వందల మైళ్ళ పొడవున్న కెపాసిటర్, చార్జిని నింపుకునే పరికరం. మీట నొక్కగానే ముందు ఆ కెపాసిటర్ నిండాలి, అదీ రాగి నిరోధం గుండా. తిరుమలలో కంపార్ట్‌మెంట్ గేటు తీయగానే జనం ఒక్కసారే బయల్దేరినా, గుడి దగ్గరికి చేరేసరికి ముందూ వెనకా అయి పలచబడిపోతారు. సంకేతమూ అలాగే సాగిపోతుంది. తీగ పొడవు రెట్టింపైతే నిరోధమూ రెట్టింపు, కెపాసిటెన్సూ రెట్టింపు, కాబట్టి ఆలస్యం నాలుగు రెట్లు. థామ్సన్ 1850లలోనే ఈ సూత్రం చెప్పాడు. 1858 అట్లాంటిక్ తీగను నడిపిన వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ దాన్ని లెక్కచేయలేదు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. వేగం కోసం అతను 2000 వోల్టుల దాకా పెట్టాడు. అప్పటికే లోపాలున్న ఆ తీగ కొద్ది వారాల్లోనే చచ్చిపోయింది.

ప్రయోగానికి కావలసినవి: 10 కిలోఓముల రెసిస్టర్లు 10, 100 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్లు 10, 9 వోల్టుల బ్యాటరీ, మూడు కాళ్ళ టూ-వే స్విచ్‌లు రెండు, బ్రెడ్‌బోర్డు, డిజిటల్ మల్టీమీటర్. రెసిస్టర్లను వరసగా కలపండి. ప్రతి రెసిస్టర్ తర్వాత ఒక కెపాసిటర్, దాని మైనస్ కాలు కింది ఉమ్మడి లైనుకు. ఆ ఉమ్మడి లైనే సముద్రం, బ్యాటరీ మైనస్ కూడా దానికే. స్విచ్ నడిమి కాలు మొదటి రెసిస్టర్‌కు, ఒక పక్క కాలు బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ఉమ్మడి లైనుకు. మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి చివరి కెపాసిటర్ దగ్గర చూడండి.

ముందు 5 జతలతో మొదలుపెట్టండి. స్విచ్ వేశాక మొదటి ఒకటి రెండు సెకన్లు చివర దాదాపు ఏమీ కనిపించదు. సగం వోల్టేజి, అంటే 4.5 వోల్టులు, రావడానికి 11, 12 సెకన్లు పడుతుంది. 10 జతలు చేస్తే సుమారు 40 సెకన్లు. పొడవు రెట్టింపు, ఆలస్యం నాలుగు రెట్లకు దగ్గర. తర్వాత 5 జతల మీద 3 సెకన్లు వేసి 3 సెకన్లు తీస్తూ వరసగా చుక్కలు పంపమనండి. చివర చుక్కలు విడివిడిగా రావు, అన్నీ కలిసి నిదానంగా లేచే ఒకే ముద్ద. అదే 30 సెకన్ల చొప్పున పంపితే స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఆపరేటరు చేతి వేగాన్ని ఎందుకు అదుపులో పెట్టేవారో పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అసలైన భాగం ఇప్పుడు. 10 జతల్ని నడిమికి విడగొట్టి, మధ్యలో ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి. మొదటి 5 జతల చివర మీటరు 4.5 చూపగానే ఆ విద్యార్థి రెండో స్విచ్ వేయాలి, అది రెండో 5 జతలకు వెళుతుంది. 12, 12 కలిపి 24 సెకన్లు. చేతి ఆలస్యం ఒకటి రెండు సెకన్లు కలిపినా 40 కన్నా ఎంతో తక్కువ. పోర్త్‌కర్నో, మాల్టా, ఏడెన్ ఎందుకు కావలసి వచ్చాయో ఆ కుర్చీయే చెబుతుంది.

చెడిపోయేచోట్లు: మీటరు బదులు ఎల్ఈడీ పెట్టకండి. ఇంత నిరోధం గుండా అది సరిగా వెలగదు, పైగా లైన్లో కరెంటంతా అదే తాగేస్తుంది. కెపాసిటర్ తిరగేసి పెడితే దాని గుండా కరెంటు కారుతుంది, చివర వోల్టేజి పెరగదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్క పట్టీ నడిమధ్యన తెగి ఉంటుంది. చిన్న వైరు ముక్కతో కలపకపోతే రెండో సగం కెపాసిటర్లన్నీ గాల్లో ఉన్నట్టే. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య స్విచ్‌ను ఉమ్మడి లైను వైపు తిప్పి 5 జతలకు ఒక నిమిషం, 10 జతలకు నాలుగు నిమిషాలు ఆగండి. మిగిలిన చార్జి ఉంటే లెక్కలు తప్పుతాయి. కెపాసిటర్ల విలువ 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, కాబట్టి మీ సెకన్లు మా సెకన్లతో అచ్చంగా కలవకపోవచ్చు.

ప్రశ్న: ఆ రోజుల్లో ప్లాస్టిక్ లేదు. నీళ్ళు చొరబడకుండా దేంతో చుట్టేవారు? రబ్బరా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: గట్టా-పెర్చా. మలయా అడవుల్లోని ఒక చెట్టు పాలు. వేడి నీళ్ళలో మెత్తబడి కావలసిన ఆకారంలోకి వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది. చల్లని, చీకటి సముద్రపు అడుగున దశాబ్దాల తరబడి చెడదు. అదే ఎండకీ గాలికీ పెడితే పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. అందుకే కేబుల్‌ను ఓడలోనూ, గోదాములోనూ నీళ్ళ తొట్లలోనే ఉంచేవారు. పంటికి రూట్ కెనాల్ చేసినప్పుడు లోపల నింపేది ఇప్పటికీ ఇదే. దీని కోసం చెట్లను నరికి పాలు తీశారు. కేబుళ్ళు పెరిగే కొద్దీ అక్కడి అడవులు తరిగిపోయాయి. తంతి చరిత్రలో ఈ నష్టం సంగతి తక్కువగా చెబుతారు, చెప్పాల్సిన సంగతే.

1866 అట్లాంటిక్ తీగలో నాటికల్ మైలుకు 300 పౌన్ల బరువు రాగి, 400 పౌన్ల బరువు గట్టా-పెర్చా. ఏడు రాగి పోగుల మీద నాలుగు పొరలు, పొరకూ పొరకూ మధ్య చాటర్టన్ మిశ్రమం: మూడు పాళ్ళు గట్టా-పెర్చా, ఒక పాలు పైన్ చెట్టు తారు, ఒక పాలు గుగ్గిలం.

అతుకు వేసేవాడి చేతిలోనే లైను ప్రాణం. రాగి చివరలు రెంటినీ వాలుగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి కూర్చి, సన్నని రాగి తీగ చుట్టి టంకం పెట్టాలి. ఆమ్లం వాడకూడదు, లోపల మిగిలిపోతే రాగిని తినేస్తుంది, గుగ్గిలమే వాడాలి. తర్వాత రెండు వైపుల గట్టా-పెర్చాను దీపం సెగకు మెత్తబరిచి రాగి మీదికి సన్నగా లాగి, మిశ్రమం పూసి, పైన వెచ్చటి రేకు చుట్టి వేళ్ళతో అదమాలి. చేతి చెమట తగిలినా, గాలి బుడగ మిగిలినా సముద్రపు ఒత్తిడికి నీళ్ళు అక్కడి నుంచే దూరతాయి. సెగ ఎక్కువైతే రాగి పక్కకు ఒరిగి ఒకవైపు పొర పలచబడుతుంది. అతుకు పూర్తిగా చల్లారాకే పరీక్షించాలి. వెచ్చగా ఉన్నప్పుడు బంక నిరోధం తగ్గి, మంచి అతుకు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ప్రశ్న: నడి సముద్రంలో, మైళ్ళ లోతున తీగ చెడితే ఎక్కడ చెడిందో ఒడ్డున కూర్చుని ఎలా చెప్పగలిగేవారు?
– ఒక ఐటీఐ విద్యార్థి, రేణిగుంట

జవాబు: వీట్‌స్టన్ బ్రిడ్జితో, అంటే తెలిసిన నిరోధాలతో పోల్చి తెలియని నిరోధాన్ని కొలిచే సాధనంతో. మీరు వర్క్‌షాపులో చేసేదే. పొర చిరిగి రాగి నీళ్ళకు తగిలిందనుకోండి. తీగ పొడవు 900 నాటికల్ మైళ్ళు, మైలుకు 4 ఓములు, మొత్తం 3600. మొదటి చివర నుంచి కొలిస్తే 1350 ఓములు వచ్చింది. రెండో చివర నుంచి 2550. ఒక చివర కొలిచేటప్పుడు రెండో చివరను దేనికీ తగలకుండా విడిగా ఉంచాలి. రెండూ కూడితే 3900. ఉండాల్సిన దానికన్నా 300 ఎక్కువ. చిరుగు దగ్గరి నిరోధం రెండు కొలతల్లోనూ కలిసింది కాబట్టి అది 150. 1350లో 150 తీసేస్తే 1200. నాలుగుతో భాగిస్తే మొదటి ఒడ్డు నుంచి 300 మైళ్ళు.

కాగితం మీద ఇంత తేలిక. ఉప్పునీళ్ళలో ఉన్న రాగి మీద కరెంటు వల్ల పొర పేరుకుని ఆ 150 నిమిషనిమిషానికీ మారుతుంది. అందుకే ప్లస్‌తో ఒకసారి, మైనస్‌తో ఒకసారి వెంటవెంటనే కొలిచి సరిచూసుకోవాలి. రెండో చిక్కు చలి. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు 0.4 శాతం దాకా మారుతుంది. ఫ్యాక్టరీలో 24 డిగ్రీల దగ్గర వేసిన లెక్కను, 4 డిగ్రీల సముద్రపు అడుగుకు మార్చకుండా వాడితే 8 శాతం తేడా. 300 మైళ్ళకు 24 మైళ్ళు! ఓడ ఆ మేర అక్కరలేని చోట వెతుక్కుంటుంది. తీగ పూర్తిగా తెగి, చివర బంక మూసుకుపోయి ఉంటే నిరోధం పనికిరాదు. అప్పుడు ఆ ముక్క ఎంత చార్జి పట్టిందో చూసి, మైలుకు పట్టే చార్జితో భాగించి దూరం తేలుస్తారు.

ఆపైన ఓడ పని. తీగ దారికి అడ్డంగా, చాలా నెమ్మదిగా, కొక్కెం లాగుతూ పోతారు. తాడు మీది బరువు చూపే సాధనంలో ముల్లు నిలకడగా పెరిగితే తీగ చిక్కినట్టు, ఎగిరెగిరి పడితే రాయి. లోతు ఎక్కువైతే తీగను మడతగా పైకి లాగలేరు, తెగుతుంది. ముందు కత్తి కొక్కెంతో కోసి, ఆపై ఒక్కో చివరను తెస్తారు. ఒక చివరను ఒడ్డుతో పరీక్షించి, బాగుంటే తేలుడు బోయకు కట్టి వదిలి, రెండోదాని కోసం వెళతారు. 1865లో తెగి అట్లాంటిక్‌లో రెండు మైళ్ళకు పైగా లోతున పడిపోయిన తీగను మరుసటి ఏడాది ఇలాగే పట్టి, అతికి, అవతలి ఒడ్డున కెనడా వైపు ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని హార్ట్స్ కంటెంట్ అనే పల్లెకు చేర్చారు. దానితో అక్కడికి రెండు తీగలయ్యాయి. వాటి అమెరికా వైపు చివరలు కలిపేసి, ఐర్లండ్ పక్కన వాలెన్షియా దీవిలో లాటిమర్ క్లార్క్ అనే ఇంజినీరు కుట్టుపనికి వాడే వెండి వేలితొడుగులో చిన్న జింకు ముక్క, కొద్ది చుక్కల ఆమ్లం వేసి బ్యాటరీ చేశాడు. సంకేతం అట్లాంటిక్ అవతలికి పోయి, తిరిగి వచ్చింది. అద్దపు గాల్వనోమీటర్ ఎంత సున్నితమో, 2000 వోల్టులు ఎంత అనవసరమో తేల్చిన పరీక్ష అది.

ప్రశ్న: ఎండెన్ ఓడ మద్రాసు మీద గుండ్లు వేసినప్పుడు మా పెద్దలు ఊరొదిలి పలమనేరు వచ్చేశారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఓడను చివరికి తంతివాళ్ళే పట్టించారంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: నిజమే. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవులో చమురు ట్యాంకుల్ని కాల్చింది. నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో డైరెక్షన్ అనే చిన్న దీవికి వెళ్ళింది. పెర్త్, బటేవియా (ఇప్పటి జకార్తా), రోడ్రిగ్స్ దీవి తీగలు కలిసే కూడలి అది. దాన్ని తెంచాలని 50 మందిని దించారు. వాళ్ళు దిగేలోపే స్టేషన్ సిబ్బంది అపరిచిత ఓడ వచ్చిందని వైర్‌లెస్ మీదా, కేబుల్ మీదా కబురు పంపేశారు. సుమారు 50 నాటికల్ మైళ్ళ దూరంలో ఉన్న ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి ఎండెన్‌ను ధ్వంసం చేసింది. జర్మన్లు పరికరాలు పగలగొట్టి, పెర్త్ తీగను కోశారు. కానీ సిబ్బంది ముందే అదనపు పరికరాలు దాచి ఉంచారు. వాటితో త్వరలోనే పని మొదలైంది.

ప్రశ్న: అంత ముఖ్యమైన ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయి? వైర్‌లెస్ వచ్చినందుకేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: వైర్‌లెస్ ఒక దెబ్బ. 1927లో ఇంగ్లండ్, ఇండియాల మధ్య షార్ట్‌వేవ్ బీమ్ సేవ మొదలై కేబుల్ కన్నా చౌకగా నడిచింది. రెండేళ్ళలో కేబుల్, వైర్‌లెస్ కంపెనీలను ఒకటి చేయాల్సి వచ్చింది. 1934 నుంచి దాని పేరు కేబుల్ అండ్ వైర్‌లెస్. కానీ ఆపరేటర్ల కుర్చీలను ఖాళీ చేసింది అంతకు ముందే వచ్చిన రీజనరేటర్. 1920ల నుంచి అది అలసిన సంకేతాన్ని తనే సరిచేసి తర్వాతి తీగలోకి పంపింది. పుత్తూరు టీచరుగారి ప్రయోగంలో నడిమి కుర్చీ పని అదే. 1956లో స్కాట్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కి వేసిన టెలిఫోన్ కేబుల్‌లో, ఒక్కో తీగకు 51 చొప్పున సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్లు సముద్రం అడుగునే కూర్చున్నాయి. ఒడ్డున ఊరు అవసరం తీరింది. హార్ట్స్ కంటెంట్ స్టేషన్ 1965లో, వాలెన్షియా 1966లో, పోర్త్‌కర్నో 1970లో మూతపడ్డాయి. పోర్త్‌కర్నోలో శిక్షణ కళాశాల మాత్రం 1993 దాకా నడిచింది.

ప్రశ్న: జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకూ సముద్ర తీరం వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్ కూడా సముద్రపు తీగల మీదే వస్తుందంటున్నారు. మన దగ్గర ఎక్కడ ఒడ్డెక్కుతాయి? పాత పద్ధతులు ఏమైనా మిగిలాయా?
– ఒక పాఠకుడు, సూళ్ళూరుపేట

జవాబు: మీకు దగ్గర్లో చెన్నై. సింగపూర్ తీగలు, 2020లో మొదలైన అండమాన్ తీగ అక్కడే ఒడ్డెక్కుతాయి. మద్రాసు నుంచి పెనాంగ్, సింగపూర్‌లకు తంతి తీగ 1871లోనే పనిచేసింది, కాబట్టి ఆ దారి పాతదే. పోర్త్‌కర్నో కూడా పూర్తిగా వదిలేసిన చోటు కాదు: 1997 నాటి ఫ్లాగ్ ఆప్టికల్ కేబుల్ అక్కడ మొదలై ముంబయి మీదుగా జపాన్ దాకా పోతుంది.

పద్ధతులు చాలానే మిగిలాయి. కాంతిని మోసే గాజు పోగు (ఫైబర్)తో పాటు లోపల లోహపు వాహకం ఇప్పటికీ ఉంటుంది. 60 నుంచి 100 కిలోమీటర్లకొకటి చొప్పున ఉండే యాంప్లిఫయర్లకు ఒడ్డు నుంచి డీసీ కరెంటు దాని గుండానే పంపుతారు. తీగ చెడితే చిన్న కాంతి మెరుపు పంపి, తిరిగొచ్చే సమయం చూసి దూరం కడతారు, వోల్టేజి కొలతతో సరిచూస్తారు. ఓడ కొక్కెం లాగే తీరు పెద్దగా మారలేదు. లంగర్లు, చేపల వలలే ఇప్పటికీ పెద్ద శత్రువులు. మీ వైపు పడవలవాళ్ళు ఎవరైనా చెన్నై దిశగా వేటకు పోతుంటే, సముద్రపు పటంలో కేబుల్ గుర్తు ఉన్నచోట లంగరు వేయవద్దని చెప్పండి. పొరపాటున లంగరు తీగకు తగులుకుంటే బలవంతంగా లాగకుండా తాడు కోసి వదిలేయాలి. ఆధునిక తీగలో వేల వోల్టులు ఉంటాయి, పైకి లాగి కోయబోతే ప్రాణానికే ముప్పు.